నారదుడి తీగ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. ఒక నాటక సమాజం పెద్దాయన. సమాజం పేరు చెప్పను, ఆయన పేరూ చెప్పను. మేమంతా మాష్టారు అంటాం. మామూలుగా అయితే టిఫినయిందా, పిల్లలు బావున్నారా అని ఓ ఐదు నిమిషాలు తిప్పితే గానీ విషయానికి రాని మనిషి, ఆ రోజు హలో కూడా అనలేదు.

"నాయనా, ఆ నారదుడి ఫోటో తీసెయ్యి."

ఏ ఫోటో అని అడగాల్సిన పని లేదు. ముందు రోజు రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టాను. మబ్బుల పరదా ముందు నారదుడు గాల్లో ఉన్నాడు. ఎడమచేతిలో తంబుర, కుడిచేతిలో చిడతలు, పద్యం ఎత్తుకోబోయే ముందు వచ్చే ఆ చిన్న నవ్వు. పదకొండేళ్లుగా నాటకాల ఫోటోలు తీస్తున్నాను. అంత పదునుగా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పదునే కొంప ముంచింది. నారదుడి భుజాల వెనక నుంచి రెండు తీగలు స్కేలు పెట్టి గీసినట్టు పైకి పోతున్నాయి. మొదటి కామెంటే "తీగలు కనిపిస్తున్నాయి గురూ". దాని కింద వరసగా నవ్వే బొమ్మలు.

"తీగ ఉంటుందని అందరికీ తెలుసు కదా మాష్టారూ" అన్నాను.

"పంచె కింద చెడ్డీ వేసుకుంటానని కూడా అందరికీ తెలుసు. అలాగని చూపించుకుంటూ తిరుగుతానా?"

ఫోటో తీసేశాను. తీసేశాక కూడా మనసు ఒప్పుకోలేదు. ఆయనది పాతకాలపు బిడియం అనుకున్నాను. తీగ చూపిస్తేనే ఆ పనితనం ఎంతటిదో జనానికి తెలుస్తుందని నాలో నేనే వాదించుకున్నాను. మూడు వారాలు వాదించుకున్నాక ఓడిపోయాను. ఎలా ఓడిపోయానో రాసుకుంటే తప్ప ఇది వదిలేట్టు లేదు.

తీగ ఎక్కడ దాక్కుంది

ముందు నన్ను పట్టుకున్న చిక్కు ఇది. ఆ రాత్రి హాల్లో నేనూ ఉన్నాను. నారదుడు దిగుతుంటే కెమెరా కంట్లోంచి చూస్తూనే ఉన్నాను. నాకు తీగ కనబడలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఉంది. ఫోటో బాగా వచ్చిందన్న సంబరంలో దాన్ని లెక్కచెయ్యలేదు.

కెమెరా మారడం వల్ల అనుకున్నాను మొదట. నేను మొదలుపెట్టిన కెమెరాలో ఐఎస్ఓ (మసక వెలుతురులో కెమెరా చూపు పెంచే అంకె) 1600 దాటితే పరదా అంతా ఇసుక చల్లినట్టుండేది. ఆ ఇసుకలో తీగలేమిటి, మోకులు కూడా మునిగిపోయేవి. ఇప్పటిది 6400 దగ్గర కూడా శుభ్రంగా చూస్తోంది. అంటే ఇన్నాళ్లూ మాష్టారి గుట్టు కాపాడింది నా పాత కెమెరా చేతకానితనమేనన్న మాట. ఇది నిజమే గానీ సగమే నిజం.

మిగతా సగం కోసం ఒక మధ్యాహ్నం, స్టేజీ కడుతున్నప్పుడు వెళ్లాను. ఆ తీగకి నిగనిగ రాకుండా మసిరంగు పూశారు. దీపాలు పక్కల నుంచీ, కింద నుంచీ. పై నుంచి ఒక్కటి కూడా లేదు. పరదా మీద మబ్బుల్ని వేసినవాడు వాటి అంచుల్ని నున్నగా వదలకుండా నిలువుగా, నల్లగా, కుంచె లాగి వదిలాడు. పరదా అంతా అలాంటి గీతలే. వాటిల్లో ఇంకో రెండు గీతలు తీగలు. నారదుడు దిగేటప్పుడు పొగ వదులుతారు, హార్మోనియం పై స్థాయికి పోతుంది, తబలా దరువు మారుతుంది. ఇంతా చేస్తే దిగడం మహా అయితే పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లలో కన్ను ముందు ముఖం చూస్తుంది, తర్వాత కాళ్లు నేలకి ఎప్పుడు తగులుతాయా అని చూస్తుంది. భుజాల పైన ఏముందో చూసే తీరిక దానికి దొరకదు.

ఆ తీరికని నా ఫోటో ఇచ్చింది. సెకనులో 250వ వంతు కాలాన్ని పట్టుకొచ్చి, ఫోన్ చేతిలో పట్టుకుని పడుకున్నవాడికి రాత్రంతా చూసుకోమని ఇచ్చింది. వాడు ముఖం చూశాడు, కాళ్లు చూశాడు, ఇంకా టైముంది, పైకి చూశాడు. తీగ దొరికింది. మాష్టారి సమాజం కట్టిన పదిహేను సెకన్ల లెక్కలో తప్పేం లేదు. ఆ లెక్కలోంచి సెకన్లని నేను తీసేశాను. తీసేసి, "కెమెరా నిజం చెప్పింది" అని సమర్థించుకుంటున్నాను.

చీకటి పెట్టినవాడు

ఇలాంటి దెబ్బ ఒకటి ఇదివరకే తిన్నాను గానీ అప్పట్లో పాఠం ఎక్కలేదు. నాలుగేళ్ల కిందట చిక్కడపల్లిలో హరిశ్చంద్ర కాటిసీను. స్టేజీ అంతా నీలం, ఒక మూల మాత్రం చితిమంటకి ఎర్ర దీపం. హరిశ్చంద్రుడు సగం చీకట్లో నిలబడి పద్యం అందుకున్నాడు. ఆ నీలం ఎల్‌ఈడీ దీపాలతో వేగినవాళ్లకి తెలుసు. ముఖం మీద ఉన్న గీతలూ ముడతలూ అన్నీ పోయి, నీలం ముద్ద ఒకటి మిగులుతుంది. పాత హాలోజెన్ దీపాలైతే డిమ్మర్ తగ్గించేకొద్దీ ఎర్రబడుతూ, ఆరిపోతున్న పొయ్యిలా ఉండేవి. ముఖాన్ని వదిలేవి కావు. సరే, ఇంటికెళ్లి ఆ నీలాన్ని తగ్గించి, ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో నీడల మీట చివరిదాకా జరిపాను. శ్మశానం మొత్తం వెలుగులోకొచ్చింది. వెనక పరదా మీద మర్రిచెట్టూ, దాని ఊడలూ, పుర్రెలూ అన్నీ కనబడ్డాయి. నిర్వాహకులు పొంగిపోయారు. "మా ఫంక్షన్ హాల్ ఫోటోగ్రాఫర్ కూడా ఇంత బ్రైటుగా తీయలేదు సార్" అన్నారు. అది పొగడ్త అనే అనుకున్నాను.

పొగడనివాడు ఒక్కడు. లైటింగ్ చేసే తమ్ముడు. పాతికేళ్లుంటాయేమో. తర్వాతి నాటకానికి కనబడి ఫోన్లో ఆ ఫోటో తీసి చూపించాడు.

"అన్నా, నేను రెండు గంటలు కష్టపడి చీకటి వెట్టిన. నువ్వు ఇంటికి వోయి లైటేసినవ్."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో తప్పించుకున్నాను గానీ, అతను చెప్పింది అక్షరాలా నిజం. స్టేజీ మీద వెలుగు పెట్టడం ఎంత పనో వెలుగు పెట్టకపోవడం అంతకంటే పెద్ద పని. హాల్లో ఆ మర్రిచెట్టు ఎవరికీ కనబడలేదు. చీకట్లో ఏదో ఉందని మాత్రం అనిపించింది. ఆ అనిపించడం కోసమే అతను రెండు గంటలు నిచ్చెన ఎక్కి దిగాడు.

అప్పటి నుంచి నీడల మీట ముట్టుకోవడం తగ్గించాను. మానేశాను అని రాయబోయి ఆగాను, ఎందుకంటే మానలేదు. ఒక పాతతరం నటి ఉన్నారు, చంద్రమతి వేషానికి పేరు. ఒకసారి నా ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, "బాబూ, అన్నీ బావున్నాయి గానీ నా ముఖం తెలిసేట్టు ఒక్కటియ్యి. పింఛను కాగితాలకి పెట్టాలి" అన్నారు. నేను గొప్పగా అనుకున్న ఫోటోలో ఆవిడ ఒక వెలుగు గీత, ఒక కొంగు, అంతే. ఆఫీసులో కూర్చున్నవాడికి ఆ గీత చంద్రమతో కాదో ఎలా తెలుస్తుంది? ఇంటికెళ్లి నీడలు ఎత్తి, ముఖం తెలిసేలా చేసి, ప్రింటు తీయించి ఇచ్చాను. లైటింగ్ తమ్ముడికి చెప్పలేదు.

డ్రెస్ రిహార్సల్ ఉన్నవాళ్ల సంగతి

ఈ మూడు వారాల్లో ఒపేరా ఫోటోలు తీసేవాళ్ల పద్ధతుల గురించి దొరికిందల్లా చదివాను. ఒపేరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం. కథంతా పాటే మోస్తుంది. చావు బతుకుల మధ్య ఉన్నవాడు కూడా ఆగి రాగం పూర్తిచేసి గానీ పోడు. మనకి అందులో వింతేం కనబడదు.

వాళ్ల ఫోటోల్లో చాలావరకు ప్రదర్శన రాత్రి తీసినవి కావు. ఆఖరి డ్రెస్ రిహార్సల్లో తీస్తారు. వేషాలు, దీపాలు, వాద్యబృందం అన్నీ అసలు రాత్రి ఉన్నట్టే. టికెట్ కొన్న జనం మాత్రం ఉండరు. ఫోటోగ్రాఫర్ కుర్చీల మధ్య హాయిగా కూర్చుని, లేచి, ఇంకో కుర్చీకి మారి తీసుకుంటాడు. అలా ఎందుకంటే, ఒపేరాలో గాయకులు మైకు పెట్టుకోరు. అరవై డెబ్భై వాయిద్యాల మీదుగా గొంతు తనంతట తాను చివరి వరస దాకా పోవాలి. అలాంటి హాల్లో సన్నగా పాడే చోట కెమెరా చప్పుడు ఎంత దూరం వినబడుతుందో ఊహించుకోండి.

చదివి అసూయపడ్డాను. మన దగ్గర డ్రెస్ రిహార్సలా? పద్యనాటకాల్లో సగం కాంట్రాక్టు నాటకాలు. ఒకే నాటకంలో కృష్ణుడి వేషాన్ని పంచుకునే ఒకటో కృష్ణుడు ఒక ఊరి నుంచి, రెండో కృష్ణుడు ఇంకో ఊరి నుంచి, దుర్యోధనుడు మరో ఊరి నుంచి ఆ సాయంత్రమే బస్సు దిగుతారు. మేకప్ గదిలో అద్దం ముందు ఒకరినొకరు పలకరించుకుంటారు. కిరీటాలూ భుజకీర్తులూ అద్దె పెట్టెలో అదే సాయంత్రం ఆటోలో వస్తాయి. ఎవరి పద్యాలు వాళ్లకి వచ్చు, ఎక్కడ ఎవరు అందుకోవాలో వచ్చు, హార్మోనియం ఆయనకి అందరి శ్రుతీ వచ్చు. ఇక రిహార్సల్ దేనికి? జనం ముందు తప్ప ఆ వేషాలు ఎక్కడా కలవవు. కాబట్టి నేను జనం మధ్యే తీయాలి, జనాన్ని ఇబ్బంది పెట్టే తీయాలి.

అయితే చదవగా చదవగా నా అసూయ కాస్త చల్లబడింది. రిహార్సల్లో చాలామంది గాయకులు గొంతు దాచుకుని పాడతారట, అసలు రాత్రి కోసం. పై స్వరాలు ఒక స్థాయి కిందే పాడేస్తారు. అలా పాడినప్పుడు మెడనరాలు ఉబ్బవు, కళ్లు పెద్దవవ్వవు. మన దుర్యోధనుడు జనం లేనప్పుడు ఎలా ఉంటాడో నేను చూశాను. మైకు పరీక్షకి ఒక పద్యం పాడమంటే బీడీ పక్కన పెట్టి, కూర్చునే, ఎవరికో లెక్క ఒప్పజెప్పినట్టు పాడేశాడు. అదే మనిషి రాత్రి తొమ్మిదిన్నరకి అదే పద్యానికి "వన్స్ మోర్" అనిపించుకున్నాడు.

ఆ వన్స్ మోర్ ఉంది చూశారా, ప్రపంచంలో ఏ ఫోటోగ్రాఫర్‌కీ దక్కని వరం. మొదటిసారి మీసం మీద చెయ్యి వేసిన క్షణం జారిపోయిందనుకోండి, జనం ఈలలేసి మళ్లీ పాడిస్తారు. అదే చోట, అదే చెయ్యి, అదే మీసం. ఈసారి నేను సిద్ధం. వన్స్ మోర్‌లో నాటకం చచ్చిపోతుందని విమర్శకులు రాస్తారు. వాళ్ల చేతిలో కెమెరా ఉండదు.

చారలా, చప్పుడా

చప్పుడు గురించి ఒక పాపం ఒప్పుకోవాలి. పాత కెమెరా రోజుల్లో, ఇంకో కాటిసీనులో, చంద్రమతి కొడుకు ముఖం మీద గుడ్డ తీసే చోట హార్మోనియం ఆగిపోతుంది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను వరసగా ఏడెనిమిది నొక్కాను. టకటకటకమని. ముందు వరసలో ఒక తాతగారు కండువాతో కళ్లు తుడుచుకుంటున్నవారు తుడుచుకుంటూనే వెనక్కి తిరిగి నన్ను చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఫోటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అందులో మంచిది కూడా ఒకటుంది. ఎప్పుడు తెరిచినా అందులో నాకు కనబడేది చంద్రమతి కాదు.

పాతదాంట్లో టక్కుమని లేచే అద్దం కొత్త కెమెరాలో లేదు. చప్పుడు లేకుండా తీసే మీట ఉంది. సమస్య తీరిందనుకున్నాను. మొదటి రాత్రే కృష్ణుడి కిరీటం మీదా చెంపల మీదా అడ్డంగా చారలు పడ్డాయి, చాప మీద పడుకుని లేచినట్టు. చౌకరకం ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. చప్పుడు లేని షట్టర్ బొమ్మని పై నుంచి కిందికి వరస వెంట వరసగా చదువుతుంది. దీపం ఆరినప్పుడు చదివిన వరసలు నల్లగా వస్తాయి. షట్టర్ వేగం 100వ వంతుకో 50వ వంతుకో తగ్గిస్తే కొన్ని దీపాలకి చారలు పోతాయి. అప్పుడు తిరిగే చెయ్యి చెదిరిపోతుంది. లేదా చప్పుడు చేసే షట్టర్‌కే పోవాలి. మౌనం కావాలంటే చారలు, చారలొద్దంటే చప్పుడు.

ఇప్పుడు నా పద్ధతి ఒకటే. హార్మోనియం మోగుతున్నంతసేపూ చప్పుడు షట్టర్. హార్మోనియం ఆగితే నేనూ ఆగుతాను. దీనివల్ల చాలా గొప్ప క్షణాలు పోతాయి, ఎందుకంటే నాటకంలో గొప్ప క్షణాలు హార్మోనియం ఆగినప్పుడే వస్తాయి. పోనివ్వండి. ఆ క్షణాలకి డబ్బిచ్చి, లేదా కనీసం బస్సెక్కి, వచ్చి కూర్చున్నది జనం.

(నాకు ఇచ్చేవాళ్లు కూడా ఆ క్షణాలకి ఇవ్వరనుకోండి. నాటకం మధ్యలో ఆపి, ముఖ్య అతిథికి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, అందరూ కెమెరా వైపు చూస్తారే, ఆ ఫోటోకి ఇస్తారు. కృష్ణుడు పక్కన కిరీటం సర్దుకుంటూ నిలబడి ఉంటాడు. వెనక ఫ్లెక్సీ మీద అదే ముఖ్య అతిథి ఇంకా పెద్దగా నవ్వుతుంటాడు.)

ముక్కు మీద మచ్చ

ఇక్కడిదాకా రాసి నా వాదన ఒక వాక్యంలో పెట్టుకున్నాను: కుర్చీలో కూర్చున్నవాడికి కనబడనిది ఫోటోలో కనబడకూడదు. పెట్టుకున్న రోజే అది విరిగిపోయింది.

నా దగ్గర దూరాన్ని దగ్గర చేసే 70-200 లెన్సు ఉంది. దానితో పదో వరసలోంచి ధర్మరాజు ముక్కు మీద కళ్లద్దాల మచ్చ కనబడుతుంది. స్టేజీ ఎక్కేముందు తీసి జేబులో పెట్టుకున్న కళ్లద్దాలు. పౌడరు పగిలి చెమట దారి చేసుకున్న చోటు కనబడుతుంది. జరీ అంచు తిరగేసి కుట్టిన కుట్టు కనబడుతుంది. ఇవేవీ కుర్చీలోంచి కనబడవు. నా నియమం ప్రకారం ఆ లెన్సు అమ్మేయాలి. కానీ నేను తీసిన వాటిల్లో నాకు ప్రాణంలాంటివి ఆ మచ్చ ఉన్న ఫోటోలే. ధర్మరాజు వేషం కట్టిన ఆ రిటైర్డ్ లెక్కల మాస్టారు కూడా ఆ ఫోటోనే ఫ్రేము కట్టించుకున్నారు.

మరి తీగ చూపిస్తే తప్పు, మచ్చ చూపిస్తే ఒప్పు ఎలా అయింది? చాలా రోజులు తేలలేదు. చివరికి ఒపేరా వాళ్ల పాత అలవాటు ఒకటి దారి చూపింది. ఒకప్పుడు ఒపేరాకి వెళ్లే ప్రేక్షకులు చిన్న చేతి దుర్భిణి పట్టుకెళ్లేవాళ్లు. గాయని ముఖం దగ్గరగా చూడ్డానికి. అంటే దగ్గరగా చూడాలన్న కోరిక కుర్చీలో ఉన్నవాడిదే. దూరం హాలు పెట్టిన ఇబ్బంది, నాటకం పెట్టిన తెర కాదు. ధర్మరాజు తన ముక్కుని పదో వరస నుంచి దాచుకోలేదు. మసిరంగు పూసి, పొగ వదిలి, తబలా దరువు మార్చి దాచింది మాత్రం తీగనే. ఎవరో పూనుకుని దాచినదాన్ని నేను బయటపెట్టకూడదు. దూరం వల్ల అందనిదాన్ని అందుకోవచ్చు. నా నియమాన్ని ఇలా మార్చుకున్నాను.

ఇది కూడా పూర్తిగా నిలబడదని తెలుసు. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం దగ్గర ఒకసారి ముందు వరసలో ఐదారేళ్ల పిల్లాడు, నారదుడు సగం దిగాడో లేదో, "మమ్మీ, తాడు తాడు!" అని అరిచాడు. చుట్టుపక్కల నవ్వారు. నేను ఆ పిల్లాణ్ణే చూస్తూ ఉండిపోయాను. తాడు చూశాడు కాబట్టి వాడి సరదా పోవాలి కదా. పోలేదు. తర్వాతి సీన్లో రెండు బాణాలు గాల్లో గుద్దుకుని నిప్పులు రాలితే కుర్చీ మీద లేచి నిలబడ్డాడు. బాణాలకి కూడా తాడుందని వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది. మరి నా ఫేస్‌బుక్ ఫోటో చూసి నవ్వినవాళ్లకి ఆ సరదా ఎందుకు దక్కలేదు? వాళ్లకి తాడొక్కటే అందింది. పిల్లాడికి తాడుతో పాటు దిగుతున్న నారదుడు కూడా అందాడు.

ఇంకో వాదన ఇంతకంటే గట్టిది. 1876లో ఒపేరా స్వరకర్త వాగ్నర్ జర్మనీలోని బైరాయిట్‌లో తన ఒపేరాల కోసమే కట్టించుకున్న థియేటర్ తెరిచాడు. ప్రేక్షకుల వైపు దీపాలు తగ్గించేశాడు. వాద్యబృందాన్ని స్టేజీ ముందు గోతిలోకి దించి, మీద చూరు కప్పి, ఎవరికీ కనబడకుండా చేశాడు. దాచడంలో అంతకంటే పట్టుదల ఉన్న మనిషి ఉండడు. ఆయన ఒపేరా "రైన్‌గోల్డ్" మొదట్లో ముగ్గురు జలకన్యలు నది అడుగున ఈదుతూ పాడతారు. చక్రాల బండ్ల మీద పొడవాటి ఊచలు నిలబెట్టి, వాటి కొసన గాయనుల్ని పడుకోబెట్టి, కింద మనుషులు ఆ బండ్లు తోశారు. ఇదంతా నాకెలా తెలుసు? ఆ బండ్లనీ తోసేవాళ్లనీ వెనక నుంచి చూపించే అప్పటి బొమ్మలు మిగిలాయి కాబట్టి. నాలాంటి మర్యాదస్థుడు ఆ రోజు అక్కడుండి బొమ్మ వేయకపోయి ఉంటే, ఆ పనితనం వాళ్లతోనే పోయేది.

మన దగ్గర ఇది ఇంకా దగ్గరి భయం. సురభి కుటుంబ నాటక సమాజాల వాళ్ల విద్య 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, పుస్తకాల్లో కాకుండా ఇళ్లల్లోనే, తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి నడిచొచ్చింది. మాష్టారిలాంటి వాళ్ల సమాజాల్లో పిల్లలు ఇప్పుడు ఎక్కువగా ఉద్యోగాలకి పోతున్నారు. తీగ ఎక్కడ కట్టాలో, బరువు ఎటు వేలాడదీయాలో తెలిసిన చేతులు రెండో మూడో. ఫోటో తీయకపోతే అదీ పోతుంది.

కాబట్టి తీస్తాను. మధ్యాహ్నం స్టేజీ కడుతున్నప్పుడు, మాష్టారు "ఆ, తియ్యి" అన్నాక, కప్పీలూ ముడులూ బరువు సంచులూ అన్నీ తీస్తాను. రెండు కాపీలు చేసి ఒకటి వాళ్లకే ఇస్తాను. అవి ఎప్పుడు ఎవరికి చూపించాలో వాళ్లు చూసుకుంటారు. ప్రదర్శన ఫోటోల పక్కన మాత్రం పెట్టను.

తుడిచేస్తే పోలా?

ఈ మాట మా ఆఫీసులో కుర్రాడు అన్నాడు. నిజానికి మాష్టారి మనవడు అప్పటికే ఆ పని చేసేశాడు. నా ఫోటోని ఫోన్లో దించుకుని, వేలితో రెండుసార్లు రాసి, తీగలు మాయం చేసి, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఇప్పుడు చూడండి తాతయ్యా" అని.

చూశాం. తీగలు లేవు. ఎక్కడా అతుకు తెలియలేదు. కానీ నారదుడు చచ్చిపోయాడు. క్యాలెండర్లోంచి కత్తిరించి మబ్బుల మీద అంటించినట్టున్నాడు. ఎందుకో కాసేపటికి తెలిసింది. తీగలకి వేలాడే మనిషి ఒళ్లు ఒక రకంగా ఉంటుంది. భుజాలు కొంచెం పైకి, నడుం దగ్గర పట్టీ లాగిన మడత, కాలివేళ్లు నేల కోసం వెతుకుతూ కిందికి. తీగ తీసేశాక ఆ ఒంటికి అర్థం లేకుండా పోయింది. మాష్టారు కూడా గ్రూపులో ఏమీ అనలేదు. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. ఆయన దండం పెట్టేశారంటే అర్థం మాకు తెలుసు.

పరదా వేసినవాడు తీగని తుడవలేదు. ఉన్న తీగనే ఉన్నచోట కనబడకుండా చేశాడు. ఆ చెయ్యడం ఏదో ఒక కుర్చీని మనసులో పెట్టుకునే చేసి ఉంటాడు. ఆ కుర్చీ ఎక్కడ? ఇన్నేళ్లూ నేను ఎడమవైపు గోడ పక్కన, ఎవరికీ అడ్డం లేకుండా నిలబడి తీస్తున్నాను. మర్యాదస్థుణ్ణి కదా. అక్కడి నుంచి చూస్తే తీగలు మబ్బుల గీతల మీద పడవు. మధ్యలో వదిలిన లేత నీలం మీద పడతాయి. పరదా నా కోసం వేసింది కాదు.

మొన్న శనివారం మళ్లీ అదే నాటకం. ముందే వెళ్లి, పరదా కట్టాక, ఒక్కో కుర్చీలో కూర్చుని చూశాను. తీగలు కట్టే అతను నన్ను చూసి "ఏంది సార్, సీట్లు లెక్కవెడుతున్నవా?" అన్నాడు. మధ్య దారికి కుడివైపు, తొమ్మిదో వరస, మూడో కుర్చీ. అక్కడి నుంచి రెండు తీగలూ రెండు నల్లటి కుంచె గీతల్లో కలిసిపోయాయి. ఒక కుర్చీ అటు జరిగితే ఒకటి బయటపడుతోంది.

ఆ కుర్చీలోనే కూర్చున్నాను. లేవకుండా, నిలబడకుండా, పక్కాయన మోచెయ్యి తగులుతూ. నారదుడు దిగాడు. హార్మోనియం గట్టిగా మోగుతోంది కాబట్టి ఆరు నొక్కాను. ముఖం మొదటి ఫోటో అంత పదునుగా రాలేదు. పొగ కొంచెం అడ్డమొచ్చింది.

నాటకం అయ్యాక మేకప్ గదిలో మాష్టారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, నారదుడి భుజాల పైన అంగుళం అంగుళం వెతికారు. చాలాసేపు వెతికారు. దొరకలేదు. ఆ తర్వాత బొమ్మని మెల్లగా కిందికి జరుపుకుంటూ పోయి ఒక చోట ఆగారు.

"ఒరేయ్, ఇటు రా" అని కేకేశారు. నారదుడు సగం రంగు తుడుచుకుని వచ్చాడు.

"పట్టుపంచె కింద ఆ నీలం ప్యాంటేమిట్రా? మోకాళ్ల దాకా మడవమని ఎన్నిసార్లు చెప్పాను?"